బాసు బావమరిదికి కుక్కపిల్లని ఇచ్చే ముందు

విజయవాడ, సత్యనారాయణపురం
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మురళీ,

నీ మెసేజీకి ఫోన్లోనే జవాబు చెబుదామనుకున్నా. కానీ నువ్వు ఫోనెత్తితే మీ ఆఫీసు రాజకీయాలు మొదలెడతావు, నా మాట సగంలో కొట్టుకుపోతుంది. పైగా దసరా. కొండకొచ్చే జనంతో ఊళ్ళో ఎటు చూసినా బారికేడ్లే, బయటికెళ్ళే ప్రశ్నే లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, నువ్వూ తీరిగ్గానే చదువు.

మీ బ్రాడీపేట సందులో దొరికిన పిల్ల ఫొటోలు చూశాను. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఒకటి వాలిపోయి, భలే ఉంది. నాటుపిల్లే, సందేహం లేదు. "మా బాసు బావమరిదికి కుక్క కావాలిట, ఇచ్చేస్తే పోలా? నువ్వేదో వంద ప్రశ్నలడుగుతావట" అని దెప్పావు. అడుగుతాను మరి, దిక్కులేని కుక్కలకి ఇళ్ళు వెతికిపెట్టేవాణ్ణి. లక్ష్మీపురంలో ఆ రెండు గదుల వాటా చూడ్డానికెళ్తే ఓనరు నిన్ను ఏమేం అడిగాడో మర్చిపోయావా? నీచు వండుతారా, చుట్టాలు ఎన్నాళ్ళుంటారు, మీ ఆవిడ రాత్రి డ్యూటీలు చేస్తుందా, మోటారు ఎన్నింటికి వేస్తారు... నాలుగ్గోడలు అద్దెకివ్వడానికే అంత ఆరా తీస్తే, పది పన్నెండేళ్ళు బతకాల్సిన ప్రాణిని అప్పజెప్పేటప్పుడు ఆ మాత్రం అడగొద్దూ?

కాకపోతే అందరూ అడిగే ప్రశ్న నేనడగను. "మీకు కుక్కలంటే ఇష్టమేనా?" అంటే ఏం చెప్తారు? ఇష్టం లేనివాడు అసలు ఫోనే చెయ్యడు. నా దగ్గరికొచ్చిన కుక్కల వెనక కథలు విన్నావంటే, గిట్టక వదిలేసినవాళ్ళు ఒక్కరూ కనపడరు. కూతురు పురిటికొచ్చిందని, బ్యాంకులో ట్రాన్స్‌ఫరైందని, కొత్త ఇంటి ఓనరు ఒప్పుకోలేదని, కొడుకు దగ్గరికి అమెరికా వెళ్తున్నామని, ఇలాంటివే అన్నీ. ఇష్టం ఉండగానే వదిలేస్తారు. అందుకని నా ఆరా అంతా ఆ సందర్భాల చుట్టూనే తిరుగుతుంది.

మనవైపు అమెరికా ప్రశ్న అడక్కపోతే అసలు ఏమీ అడగనట్టే. పటమట, మొగల్రాజపురం అపార్టుమెంట్లలో రెండిళ్ళకో ఇంట్లో పిల్లలు అక్కడే ఉన్నారాయె. పెద్దాళ్ళిద్దరే ఉంటారు, తోడుంటుందని కుక్కని అడుగుతారు, మనకీ ముచ్చటేస్తుంది. తీరా కోడలికి నెలలు నిండగానే ఆర్నెల్లకి టికెట్లు. "అప్పుడు దీన్నెవరు చూస్తారండీ?" అంటాను. "అబ్బే, మేమెక్కడికీ వెళ్ళం" అన్నారంటే నాకు నమ్మకం కుదరదు. "ఉయ్యూరులో మా మరిది ఉన్నాడు, వాళ్ళకీ ఒకటుంది, అక్కడ పెడతాం" అన్నారనుకో, ఆ మరిది నంబరు తీసుకుని ఒక్క ఫోన్ కొడతాను. ఆయన "అవునండీ, వదిన చెప్పింది" అంటే సగం పని అయిపోయినట్టే.

పురుడు సంగతీ అంతే. పెళ్ళికెదిగిన పిల్లో, కొత్తగా పెళ్ళయిన పిల్లో ఉన్న ఇంట్లో ఇది తప్పకుండా అడుగుతాను. బాలింత ఇంట్లో కుక్కేంటని పక్కింటావిడ ఓ మాటంటుంది, పెద్దావిడ వంత పాడుతుంది, మర్నాడే ఎవడో ఆటోలో ఎక్కించి రామవరప్పాడు రింగు దగ్గర దింపేస్తాడు. అందుకే ఆ మాట వచ్చినప్పుడు ఇంట్లో ఎవరు ఎవరి మొహం చూశారో గమనిస్తాను. ఎవరి మొహం చూస్తే వాళ్ళదే ఆఖరి మాట. నేను ఒప్పించాల్సింది, మాట తీసుకోవాల్సింది వాళ్ళ దగ్గర.

సింగ్ నగర్‌లో ఒక టైలర్ ఉన్నాడు. రెండు గదుల అద్దె ఇల్లు, ముందు గదిలో మిషను, వెనక గదిలో సంసారం. నాలా కుక్కలకి ఇళ్ళు వెతికేవాళ్ళలో కొందరైతే ఆ ఇల్లు చూడగానే కుదరదనేవారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ వీధులన్నీ మునిగాయిగా, పాత కుక్కని అప్పుడేం చేశారని అడిగాను. "మేడ మీదికి మోసుకెళ్ళామండి. పడవొస్తే కుక్కనొద్దన్నారు, మా ఆవిడ అయితే నేనూ రాను పొమ్మని కూర్చుంది, తర్వాతొచ్చిన పడవలో ఎక్కించారు" అన్నాడు. అది చెప్పుకోవాల్సిన విషయమని కూడా అతనికి తోచలేదు, బొత్తాం కుడుతూ మామూలుగా చెప్పుకుపోతున్నాడు. ఇంకే ప్రశ్నా అడగబుద్ధి కాలేదు. ఓనరమ్మ ఒప్పుకుందో లేదో పైకెళ్ళి కనుక్కుని, ఆ వారమే ఇచ్చేశాను. ఇప్పటికీ బొత్తాలూ దారాలూ నమిలే ఫొటోలు పంపిస్తుంటాడు.

ఇల్లు పెద్దదా చిన్నదా అన్నది నాకు లెక్కలేదురా. కంకిపాడు రోడ్డులో ఓ డూప్లెక్స్ చూశాను, హాలు మన పెళ్ళిమండపమంత ఉంది. కుక్కకి మాత్రం మేడ మీద రేకుల షెడ్డు. రోహిణి కార్తెలో ఆ రేకు కింద మనిషి పావుగంట నిలబడలేడు. "మధ్యాహ్నం కిందికి తెస్తారా?" అంటే "దానికలవాటైపోతుందండీ" అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశా.

ఫోన్లు చేసేవాళ్ళలో రకరకాలు. ఇప్పుడు నా దగ్గరున్న జున్ను తెలుసుగా, గొల్లపూడి హైవే పక్కన కాలు విరిగి దొరికింది, గన్నవరం వెటర్నరీ కాలేజీకి తిప్పి బాగుచేయించిన పిల్ల. దాని ఫొటో పెట్టగానే మొదటి ఫోను "ఏ బ్రీడండీ?" నాటుదనగానే కట్. రెండోవాడు గోళ్ళు ఇరవై ఉన్నాయా అన్నాడు, అదృష్టమట. మామూలుగా పద్దెనిమిదే ఉంటాయి నాయనా, ముందు కాళ్ళకి అయిదేసి, వెనక కాళ్ళకి నాలుగేసి అని చెప్పా. ఇంకొకాయన పాపం ఏలినాటి శని నడుస్తోందిట, నల్లకుక్కని పెంచమని ఎవరో చెప్పారట. శని ఏడున్నరేళ్ళలో వదిలిపోతుంది కదా, ఆ తర్వాత మిగిలిన మూడు నాలుగేళ్ళూ కుక్కనెవరు చూస్తారండీ అన్నాను. ఆయన కోపగించుకోలేదు, నవ్వాడు. కానీ మళ్ళీ చెయ్యలేదు.

కానూరు వైపు ఇంజనీరింగు కుర్రాళ్ళు అడుగుతారు. నలుగురు కలిసి గది తీసుకుంటారు, నిజంగానే ప్రాణంలా చూస్తారు, మంచం మీద పడుకోబెట్టుకుంటారు. నాలుగో సంవత్సరం మే నెలలో మాత్రం ఎవడి ఊరికి వాడు పోతాడు. ఆ నలుగురిలో ఒకడి అమ్మానాన్నలతో మాట్లాడించమంటే చాలు, ఆ సంబరం చల్లారిపోతుంది.

నూజివీడు మామిడి తోటలకి కాపలా అని వచ్చేవాళ్ళుంటారు. తోటలో ఏడాది పొడుగునా కాపురముండే రైతైతే నాకభ్యంతరం లేదు, దానంత సుఖపడే కుక్క ఇంకోటుండదు. కానీ కాపు కొనుక్కున్న వ్యాపారులైతే కాయ దిగగానే పాక ఎత్తేసి పోతారు, కుక్క అక్కడే ఉండిపోతుంది. "రాత్రి కాపలా సరే, ఆషాఢంలో ఎక్కడుంటుంది?" అంటే తేలిపోతుంది.

జాతికుక్కలతో వేరే తలనొప్పి. వదిలేసిన ఆడ లాబ్రడార్ దొరికిందనుకో, పొట్ట కింద చన్నులు వేలాడుతుంటే పిల్లల కోసం వాడుకుని పారేశారని తెలిసిపోతుంది. దాని ఫొటో పెడితే వచ్చే ఫోన్లలో కొన్నింటికి మొదటి ప్రశ్న "పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా?" అయిందంటే అటునుంచి మాటుండదు. అందుకే ముందు ఆపరేషన్, తర్వాతే ఫొటో. నాటుపిల్లల విషయంలో "ఒక్క కాన్పయ్యాక చేయిద్దాం, లేకపోతే ఉసురు తగుల్తుంది" అంటారు పెద్దవాళ్ళు. కాన్పు వల్ల దాని ఒంటికి ఒరిగేదేమీ లేదు; మొదటిసారి ఎదకి రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డల భయం బాగా తగ్గుతుంది. ఆ మాట డాక్టరు చేత చెప్పిస్తే వింటారు, నేను చెప్తే వినరు.

"ఇంతకుముందు కుక్కుండేదా, ఏమైంది?" అని తప్పకుండా అడుగు. "పోయిందండీ" అంటే అక్కడ ఆగకు. ఎలా పోయింది, ఎంత వయసులో, ఏ డాక్టరు చూశాడు? రక్తవిరేచనాలతో పోయిందంటే అది పార్వో అయ్యుండచ్చు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో కడిగితే వదిలేది కాదు. టీకాలు పూర్తి కాని పిల్లని ఆ ఇంటికి పంపామంటే చంపడానికి పంపినట్టే. వాళ్ళు మంచివాళ్ళే అయితే పెద్ద కుక్కనివ్వు, టీకాలన్నీ అయినదాన్ని.

జున్నుకి ఇల్లు దాదాపు కుదిరిందిరా. గుణదలలో. మొదట ఫోన్ చేసింది ఆ ఇంటాయన, కొడుకు పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇద్దామని. సర్‌ప్రైజులు నాకు పడవు, ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడే వస్తానన్నా. వెళ్తే ఆయన వాళ్ళమ్మగారు గుమ్మంలోనే ఆపేసింది. మడి కట్టుకునే మనిషి. "చూడు బాబూ, వంటింట్లోకి రానివ్వను. దేవుడి గది వైపు అసలు రానివ్వను. సోఫాలెక్కితే ఊరుకోను. అన్నం మాత్రం నేనే పెడతాను, కోడలు ఉద్యోగానికెళ్తుంది, వీడి మాటలు నమ్మకు" అంది. ఆ ఇంటాయన మొహం మాడిపోయింది, సంబంధం తప్పిపోయిందనుకున్నాడు. నాకేమో అంతకన్నా మంచి మాట ఈ మధ్య ఎక్కడా వినపడలేదనిపించింది. "మా సొంతబిడ్డలా చూసుకుంటాం" అన్నవాళ్ళు చాలామందే తగిలారు. పొద్దున్న గిన్నెలో అన్నం ఎవరు కలుపుతారో చెప్పినవాళ్ళు తక్కువ.

ఆవిడ పెరుగన్నం తెచ్చి, గిన్నె నేలకి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడింది. జున్ను కుంటుకుంటూ వెళ్ళి తినేసి, గిన్నెని గోడ దాకా నాక్కుంటూ తోసుకుపోయింది. "దీనికి కాలు నొప్పిగా ఉందేమిట్రా, మెట్లెక్కనివ్వకండి" అంది ఆవిడ. కాలు విరిగిందని నేనింకా చెప్పనేలేదు. గేటు కింద సందు మాత్రం జానెడుంది, జున్ను తలపెట్టి దూరేస్తుంది. అడ్డంగా ఒక రాడ్డు వెల్డింగ్ చేయించమన్నా. అదయ్యాక, దీపావళి దాటాక ఇస్తాను. కొత్త ఇంట్లో మొదటి మూడు రోజులూ కుక్కకి బెదురే, మూడు వారాలకి ఆ ఇంటి పద్ధతులు తెలుస్తాయి, తనిల్లనుకోవడానికి మూడు నెలలు పట్టచ్చు. ఆ బెదురు మీద సీమటపాకాయల మోత కూడా తోడైతే గోడ దూకి పోతుంది.

కాగితాలు రాయించుకుంటావా అని అడిగావు. రాయించుకుంటాను, ఆధార్ కాపీ కూడా. కానీ దాంతో ఏదో ఒరుగుతుందని కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షను ప్రకారం పెంపుడు జంతువుని వదిలేయడం నేరమే, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టెయ్యడమూ నేరమే. మొదటిసారికి జరిమానా ఎంతనుకున్నావు? పది రూపాయల నుంచి యాభై. మీ శంకర్ విలాస్ సెంటర్లో బండి మీద టిఫిను తిన్నా అంతకంటే ఎక్కువవుతుంది. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వాళ్ళ చెయ్యి కాస్త ఆగుతుంది చూడు, ఆ కాస్త కోసమే రాయించేది.

అపార్టుమెంటు వాళ్ళైతే "అసోసియేషన్ ఒప్పుకోదు" అంటారు. కుక్కల్ని పెంచొద్దని తీర్మానం చేసే హక్కు అసోసియేషన్లకి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, సొంత ఫ్లాటైతే ఆ ముక్క చూపించచ్చు. అద్దెకుండేవాళ్ళకి మాత్రం ఓనరుతో నేనే ఫోన్లో మాట్లాడతాను. "ఆయనేమీ అనడులెండి" అన్న మాట మీద కుక్కనివ్వను.

కుక్కల్నిచ్చేవాళ్ళలో మరీ పట్టుబట్టేవాళ్ళూ ఉన్నారనుకో. ఒక ఫారం చూశాను, జీతమెంత, పెరడెంత, పిల్లలెంతమంది అంటూ పరీక్ష పేపరంత ఉంది. మంచివాళ్ళు దాన్ని చూసి భయపడి, పెట్ షాపుకెళ్ళి డబ్బులు పోసి కొనుక్కుంటారు. మన కుక్క ఏమో బోనులో పడి ఉంటుంది. ఉద్యోగాలు చేస్తారని, చిన్న ఇల్లని, మాంసం వండరని కాదనడం నాకు నచ్చదు. పప్పన్నంలో గుడ్డు కలిపి పెట్టే బ్రాహ్మల ఇల్లు నాకు తెలుసు. గుడ్డు మాత్రం వేరే స్టవ్వు మీద, పెరట్లో.

ఇక మీ బాసు బావమరిది. అసలు చిక్కు నీ మొహమాటం, నాకు తెలుసు. మొగమాటానికి పోతే ఏమవుతుందో మీ అమ్మమ్మ చెప్పే సామెత గుర్తు తెచ్చుకో, ఇక్కడ రాయను. ఆయన గోరంట్లలో ఇల్లు కట్టిస్తున్నాడన్నావు. అంటే ఇసుక, ఇనుము దొంగలు ఎత్తుకుపోకుండా కుక్క కావాలేమో. రెండు నెలల పిల్ల ఏం కాపలా కాస్తుంది? గృహప్రవేశమయ్యాక, పాలరాయి పరిచాక దాన్ని లోపలికి రానిస్తారా? ఇది నువ్వడగలేవు. నేనడుగుతాను, నాకు ఆయన బాసూ కాదు, బాసుకి బావమరిదీ కాదు. నంబరు పంపించు. ఈలోగా "పిల్లకి టీకాలు పూర్తవలేదు, డాక్టరు పంపొద్దన్నాడు" అని చెప్పు. అబద్ధం కూడా కాదు. మొదటి డోసేగా అయింది, మూడు నాలుగు వారాలకి రెండోది, మూడు నెలలు నిండాక రేబిస్‌ది వేయించాలి. కార్డు జాగ్రత్తగా దాచు. వాట్సాప్ స్టేటస్‌లో "ఉచితం" అని పెట్టావు చూడు, అది ముందు తీసెయ్.

రాత్రిళ్ళు ఏడుస్తోందని చెల్లెమ్మ విసుక్కుంటోందన్నావుగా. ఒక పాత లుంగీ నువ్వు కట్టి విడిచింది దాని పక్కన పెట్టు, ఉతక్కుండా. తగ్గుతుంది. దీపావళి అయ్యాక జున్నుని గుణదలలో దింపి, ఆ ఆదివారం నేనే గుంటూరొస్తా. గోరంట్ల ఇద్దరం కలిసే వెళ్దాం. మాట్లాడే పని నాది, నువ్వు బండి నడుపు చాలు.

నీ
సాంబు