రాజాంలో జనాభా లెక్క రాయబోయే నీకు

చిరంజీవి స్వాతికి,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ విజయనగరంలో నేనూ అమ్మా కులాసాగా ఉన్నాం.

ఉద్యోగంలో చేరానో లేదో అప్పుడే జనగణన డ్యూటీ అంటున్నారు, ఊరు కూడా సరిగా తెలీదు, టెన్షన్‌గా ఉంది అన్నావు మొన్న. ఇది ఫోన్లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను. 2001లోనూ 2011లోనూ నేను ఆ రాజాంలోనే లెక్కలు రాశాను. ఆ ఊరి వీధులంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

ముందు ఊరు ఎక్కడుందో చూడు. రాజాంకి రైలు లేదు. రైలెక్కాలంటే చీపురుపల్లో పొందూరో బొబ్బిలో వెళ్లాలి. అయినా ఊరు పెరిగిందంటే రోడ్ల వల్లే. పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి, శ్రీకాకుళం రోడ్లు అక్కడ కలుస్తాయి. వంగర, రేగిడి, సంతకవిటి, తెర్లాం వైపు రైతులకి ఎరువు బస్తాకైనా, పెళ్లి బట్టలకైనా, పిల్లాడికి జ్వరం వస్తే డాక్టరుకైనా రాజామే దిక్కు. అందుకే పొద్దున పది గంటలకి రోడ్డు దాటడం కష్టం, రాత్రి తొమ్మిది దాటితే సందడే ఉండదు. పగలు కనిపించే జనం వేరు, రాత్రి అక్కడ పడుకునే జనం వేరు. నువ్వు రాయాల్సింది రెండోవాళ్లని.

నీళ్ల సంగతి కూడా తెలుసుకో. ఉత్తరాన సువర్ణముఖి మీద మడ్డువలస ప్రాజెక్టు ఉంది. ఆ ఏరు సంగం దగ్గర నాగావళిలో కలుస్తుంది. నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా మన వైపు దిగి, శ్రీకాకుళం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో పడుతుంది. అక్కడ కొండల్లో వాన దంచితే ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నా ఏరు పొంగుతుంది. కాలువ అందిన పల్లంలో వరి వేస్తారు, అందని మెట్టలో మొక్కజొన్న. ఒకప్పుడైతే ఎటు చూసినా గోగు చేలే. కోసిన గోగు కట్టలు చెరువులో మురగబెట్టి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార తీసేవారు. ఆ వాసన రోడ్డు మీద బస్సులోకి కూడా వచ్చేది. ఆ నారే మన వైపు జనపనార మిల్లులకి వెళ్లేది. ప్లాస్టిక్ సంచులొచ్చాక గోగు తగ్గింది, మిల్లుల్లో పని కూడా తగ్గింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పొలంలో పని ఏడాది పొడవునా ఉండదు. వరి కోతలయ్యాక చేతులు ఖాళీ. అప్పుడు జనం హైదరాబాదుకో, విశాఖకో, విజయవాడకో బయల్దేరతారు. కొందరు అండమాన్ దాకా వెళ్లారు. భవనాల దగ్గర కూలి, అపార్టుమెంటు కాపలా, తాపీ పని. నువ్వు తలుపు తట్టే ఇళ్లలో ఈ ఖాళీ కనిపిస్తుంది.

2011లో రాజాం పట్టణ జనాభా 42 వేల పైచిలుకు. అప్పటి శ్రీకాకుళం జిల్లాది 27 లక్షలు దాటింది, విజయనగరానిది 23 లక్షల 44 వేలు. పదేళ్లలో దేశం 17 శాతానికి పైగా పెరిగితే విజయనగరం పెరిగింది 4 శాతం చిల్లర, శ్రీకాకుళం ఆరున్నర. పిల్లలు పుట్టడం తగ్గినందుకే కాదు, మనవాళ్లు ఊళ్లో ఉండకపోవడం వల్ల కూడా. ఇంకోటి చూడు. దేశం మొత్తం మీద వెయ్యిమంది మగవాళ్లకి 943 మంది ఆడవాళ్లుంటే శ్రీకాకుళంలో 1015, విజయనగరంలో 1019. ఇది చూసి మన వైపు ఆడపిల్లల్ని నెత్తిన పెట్టుకుంటారని కొందరు మురిసిపోతారు. ఆరేళ్లలోపు పిల్లల్ని విడిగా చూస్తే మన జిల్లాల్లోనూ ఆడపిల్లలే తక్కువ. పెద్దవాళ్లలో లెక్క తిరగబడిందంటే చాలావరకు మగవాళ్లు ఊళ్లో లేకపోబట్టే. ఈ అంకె చూసి గర్వపడేవాళ్లంటే నాకు కోపం వస్తుంది.

నీకు అసలు కష్టం ఇక్కడే వస్తుంది. 2011లో ఒక ముసలమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పెట్టెలోంచి రేషన్ కార్డు తీసి ఒళ్లో పెట్టుకుంది. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ హైదరాబాదులోనే. "రాసీండి మాస్టారూ, పండక్కి వచ్చేస్తారు కదేటి" అంది. లెక్క రాసింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లని అక్కడ రాయకూడదు, వాళ్లెక్కడుంటే అక్కడి మాస్టారు రాసుకుంటాడు. అదే ఆమెకి నెమ్మదిగా చెప్పాను. పేర్లు రాయకపోతే కార్డులోంచి తీసేస్తారేమోనని ఆమె భయం. దానికీ దీనికీ సంబంధం లేదని చెప్పి, ఆమె ఒక్కదాని పేరే రాసి చూపించాను. నీకూ ఇలాంటి ఇళ్లు తగులుతాయి. విసుక్కోకు. మొహమాటానికి పేర్లు రాసేయకు కూడా. అక్కడా ఇక్కడా రెండుసార్లు రాస్తే లెక్క చెడుతుంది. ఆమెతో పాటు కాసేపు కూర్చుంటే చాలు, అర్థం చేసుకుంటుంది.

తలుపుకి తాళం ఉంటే పక్కింటివాళ్లు చెప్పినదాంతో సరిపెట్టకు, మళ్లీ వెళ్లు. ఊళ్లో ఇంజినీరింగ్ కాలేజీ ఉంది కదా, హాస్టళ్లలో పిల్లలు అక్కడే లెక్కలోకొస్తారు. అద్దె గదుల్లో నలుగురేసి ఉండే కుర్రాళ్లనే చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్ల కోసం తిరిగాం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర రోళ్లు కొట్టుకునే కుటుంబం పట్టా కప్పుకుని పడుకుంది. టార్చి వెయ్యగానే పోలీసులనుకుని పిల్లలు లేచి ఏడ్చారు. నీకు ఆ పని పడితే ముందు మాట వినిపించి, తర్వాత లైటు వెయ్యి.

జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. నేనున్నప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు విజయనగరంలోకి వచ్చింది, పార్వతీపురం వైపు విడిపోయి మన్యం జిల్లా అయింది. కాబట్టి పాత పుస్తకంలో విజయనగరం జిల్లా అంకె తీసి కొత్తదానితో పోల్చితే తప్పు. నువ్వు రాసేది 2011 తర్వాత మొదటి లెక్క, మధ్యలో 2021ది కరోనాతో ఆగిపోయింది. ఈసారి ఫోన్లోనే నింపాలి, అందరి కులమూ అడగాలి. జనగణనలో అందరి కులమూ లెక్కవేయడం 1931 తర్వాత ఇదే. కులం అడిగేటప్పుడు వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయి. అదేంటి ఇదేంటి అని ఎదురు ప్రశ్న వేయకు, మొహంలో కూడా ఏమీ కనిపించనీకు.

నువ్వు లెక్క రాసే 2027 ఫిబ్రవరికి రాజాంలో ఎండ మొదలవుతుంది. పొద్దున్నే బయల్దేరు, పొలానికి వెళ్లేలోపు మనుషులు దొరుకుతారు. డ్యూటీ కాగితం రాగానే నీ బ్లాకు, అంటే నువ్వు తిరగాల్సిన ఇళ్ల, హద్దులు నాకు పంపు. నాకు తెలిసిన వీధులైతే ఏ సందులో వెనకవైపు ఇళ్లుంటాయో, ఎవరిని ముందు పలకరించాలో రాస్తాను.

ప్రేమతో,
నాన్న