ప్రైవేటు మట్టికట్టల భారం ఎవరిది?

సంపాదకుల వారికి,

నమస్కారం. వరద నియంత్రణ అనగానే మాటలన్నీ పెద్ద జలాశయాల గేట్ల చుట్టూనే తిరుగుతున్నాయి. వాగుల మీద, వంకల మీద సొంత భూముల్లో వ్యక్తులో సంస్థలో వేసుకున్న చిన్న మట్టికట్టల ఊసు ఎవరూ ఎత్తరు. కుండపోత కురిసినప్పుడు వాగు నీటిని కొన్ని గంటలపాటు ఆపి, తూము గుండా నెమ్మదిగా వదిలి, దిగువనున్న ఇళ్లనూ పొలాలనూ ముంపు నుంచి కాపాడేవి ఇవే. మట్టికట్టల పరిశీలనలో చాలాకాలం గడిపినవాడిగా మీ పాఠకుల ముందు ఒక విషయం ఉంచదలచాను. కట్ట ఎంత చిన్నది, ఎవరి భూమిలో ఉంది అన్నదాన్ని బట్టి కాక, అది తెగితే నీళ్లు ఎవరి మీదికి పోతాయన్నదాన్ని బట్టి దానిపై తనిఖీ ఉండాలి. ఆ తనిఖీకీ మరమ్మతుకూ అయ్యే ఖర్చును యజమాని ఒక్కడి నెత్తిన వేసి మిగిలినవారు ఊరుకోవడం న్యాయం కాదు.

సాగునీటి చెరువుకు ఉన్న ఒక రక్షణ ఈ కట్టలకు లేదు. చెరువులో ఏడాదిలో చాలా నెలలు నీళ్లుంటాయి కాబట్టి, కట్ట మొదట్లో ఎక్కడ ఊట వస్తోందో, తూము పక్కన ఎక్కడ చెమ్మ తగులుతోందో రోజూ అటు నడిచే రైతు కంట పడుతుంది. వరదను ఆపడానికే వేసిన కట్ట వెనుక మామూలు రోజుల్లో చుక్క నీరుండదు. అటు వెళ్లే పని ఎవరికీ ఉండదు. ఎండకు బంకమట్టి నెర్రెలు విచ్చుతుంది, పందికొక్కులు బొరియలు తవ్వుతాయి, తూము నోట్లో చెత్త పేరుకుంటుంది. ఎన్నో ఏళ్లకొకసారి పెద్ద వాన వచ్చి ఒక్క రాత్రిలో కట్ట నిండుతుంది. కొత్త కట్టకు తొలిసారి నీరు నింపే దశే గండమని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. 1976 జూన్ 5న అమెరికాలోని టీటన్ మట్టి ఆనకట్ట, అంత భారీ నిర్మాణమై ఉండి కూడా, మొదటిసారి నిండుతుండగానే తెగిపోయింది. మన చిన్న కట్టకు ప్రతి పెద్ద వరదా ఇంచుమించు ఆ తొలి నింపుడు లాంటిదే. ‘ఇన్నేళ్లుగా చెక్కుచెదరలేదు’ అని యజమాని అనే మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. ఇన్నేళ్లలో అది నిండా నీటిని మోసింది ఎన్నిసార్లని మాత్రం ఆయనను అడగాలి.

మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే దిగువ వాలు పైనుంచి కింది దాకా కోసుకుపోతుంది. కాంక్రీటు గోడ ఓర్చుకున్నట్టు అది కొంతసేపైనా ఓర్చుకోలేదు. అందుకే దాని ప్రాణం అలుగులో, అంటే ఎక్కువైన నీరు కట్టకు హాని లేకుండా పొర్లిపోయే దారిలో, ఉంటుంది. విచిత్రమేమిటంటే యజమానులు ముందుగా చెయ్యి పెట్టేదీ అలుగు మీదే. చేపలు పోకుండా వల కడతారు, బండి దాటడానికి మట్టి పోస్తారు, ఇంకాస్త నీరు నిలుస్తుందని రెండు వరసల ఇసుక బస్తాలు పేరుస్తారు. ఇక కట్ట లోపలి నుంచి జరిగే కోత కంటికి కనిపించదు. ఊట తేటగా వస్తుంటే గమనిస్తూ ఉండవచ్చు. బురద రంగు తిరిగిందంటే కట్టలోని మట్టి కొట్టుకుపోతున్నట్టే, అప్పుడు ఇంజినీరు కోసం ఎదురుచూడకుండా ముందు దిగువ జనాన్ని కదిలించాలి. కట్ట అడుగున వేసిన ఇనుప గొట్టం కొన్ని దశాబ్దాలకు తుప్పు పట్టి చిల్లులు పడుతుంది, ఆ చిల్లుల గుండా మట్టి లోపలికి జారుతుంది. చెట్ల వేళ్లు కట్టను పట్టి ఉంచుతాయన్న నమ్మకం ఎంత గట్టిదంటే, చెట్లు పెరగనివ్వవద్దని చెప్పిన ప్రతిచోటా నేను మాట పడ్డాను. చెట్టు చచ్చి వేరు కుళ్లిన తరువాత అక్కడ మిగిలేది నీటికి దారి. కట్టకు కావలసింది గడ్డి.

ప్రైవేటు కట్టల చరిత్రలో 1889 మే 31ని మరిచిపోకూడదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సంపన్నుల విహార క్లబ్బు ఒకటి సౌత్ ఫోర్క్ మట్టికట్టకు యజమాని. 72 అడుగుల ఎత్తున్న ఆ కట్ట చిన్నదేమీ కాదు గాని, అక్కడ జరిగిన తప్పులన్నీ చిన్న కట్టల దగ్గర రోజూ జరిగేవే. కట్ట అడుగున నీరు వదిలే గొట్టాలను ముందరి యజమాని తీయించివేస్తే క్లబ్బు తిరిగి పెట్టించలేదు. గుర్రపు బండ్లు పోవడానికి కట్ట నెత్తిని తగ్గించారు. చేపల కోసం అలుగుకు జాలీలు బిగించారు. కట్ట తెగి జాన్స్‌టౌన్ పట్టణంలో 2,200 మందికి పైగా చనిపోయారు. మళ్లీ 1977 నవంబరు 6 తెల్లవారుజామున అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో ఒక కళాశాలకు చెందిన కెల్లీ బార్న్స్ కట్ట తెగి 39 మంది ప్రాణాలు పోయాయి. దాని ఎత్తు సుమారు 40 అడుగులే. ప్రైవేటు కట్టల తనిఖీకి అధికారమిచ్చే చట్టం అమెరికాలో 1972లోనే వచ్చినా, దాన్ని నిజంగా అమలు చేయించింది ఈ చావులే.

చట్టాలు కట్టలను కొలతలతో చూస్తాయి. మన ఆనకట్టల భద్రతా చట్టం 2021 ప్రకారం 15 మీటర్లు దాటిన కట్టలు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ, వరద ప్రవాహం వంటి కొన్ని షరతులకు లోబడిన కట్టలు మాత్రమే పరిధిలోకి వస్తాయి. ఇంగ్లండులో 25,000 ఘనపు మీటర్ల నిల్వ దాటితే గాని రిజర్వాయర్ల చట్టం పట్టించుకోదు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, ఒప్పుకుంటాను. కాని గీతకు కింద పడిన తొమ్మిది మీటర్ల కట్టకు దిగువన పాఠశాల ఉంటే ఆ గీత ఎవరిని కాపాడినట్టు? అమెరికాలో ప్రమాద తరగతిని కట్ట పరిస్థితిని బట్టి గాక, తెగితే కలిగే ప్రాణనష్టాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆ పద్ధతిలో కట్ట ఒక్క అంగుళం మారకపోయినా, దిగువన కొత్తగా ఇళ్లు లేస్తే దాని తరగతి పెరుగుతుంది. కట్టను నమ్ముకునే జనం వాగు ఒడ్డుకు జరుగుతారు కాబట్టి ఇది తరచుగా జరిగేదే.

బాధ్యత సంగతిలో న్యాయస్థానాలు రెండు దారులు చూపాయి. ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని తన అవసరానికి కట్టుకున్న జలాశయం నీరు పక్కవాడి గనిలోకి దూకినప్పుడు, 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పు, అజాగ్రత్త ఉన్నా లేకున్నా నష్టానికి అతనే బాధ్యుడంది. ఆరేళ్లకు, 1874లో, కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వర్షానికి తెగి మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలు కొట్టుకుపోయిన వ్యాజ్యంలో, అప్పట్లో మన దేశపు కేసులకు లండనులోని చివరి అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ ఆ సూత్రాన్ని అన్వయించలేదు. ఆ చెరువులు జమీందారు సొంత లాభానికి తెచ్చిపెట్టుకున్నవి కావు, ప్రజల కోసం వాటిని నిలబెట్టడం ఆయన విధి, కనుక అజాగ్రత్త రుజువైతేనే బాధ్యత అని ఆ తీర్పు సారాంశం. వరద కట్టకు ఈ రెండో తీర్పే దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అయితే దానిలో యజమానులు సౌకర్యంగా మరిచిపోయే సగం ఉంది: నిలబెట్టడం విధి అయినప్పుడు, పాడుపెట్టి ఊరుకునే హక్కు ఉండదు.

విధి యజమానిదే అయినా లాభం దిగువ వారిదైనప్పుడు ఖర్చు పంచుకోవాలి. అమెరికాలో 1954 నాటి చిన్న పరీవాహకాల చట్టం, అలాంటి మరికొన్ని పథకాల కింద కలిపి 11,000కు పైగా కట్టలు లేచాయి. చాలావరకు ప్రైవేటు భూముల్లోనే. భూమి రైతు పేరున ఉంటుంది, లోపలికి వెళ్లి తనిఖీ చేసే హక్కూ మరమ్మతు బాధ్యతా ఒప్పందం మీద స్థానిక సంస్థకు ఉంటాయి. వాటిలో చాలావాటికి 50 ఏళ్ల ఆయుర్దాయం లెక్కగట్టారు. ఆ గడువు దగ్గరపడుతుండగా 2000లో పునరుద్ధరణకు మరో చట్టం చేయవలసి వచ్చింది. ఇలాంటి ఒప్పందమే ప్రతి ప్రైవేటు కట్టకూ రాసుకోవచ్చు. అందులో వానలకు ముందొకసారి, పెద్ద వరద తరువాత ఒకసారి తనిఖీ ఉండాలి. అర్ధరాత్రి ఎవరు ఎవరికి ఫోను చేయాలో రాసి ఉండాలి. భూమి అమ్ముడుపోతే ఒప్పందం కొన్నవాడికి సంక్రమించాలి. కట్టను తొలగిస్తానని యజమాని అంటే ఆ నిర్ణయమూ ఆయన ఒక్కడిదే కాకూడదు, ఎందుకంటే దాని నీడన ఇళ్లు కట్టుకున్నవారికి పాత వాగు తిరిగి వస్తుంది. చాలా కట్టల నమూనా పటాలు సైతం దొరకని స్థితిలో, స్థానిక సంస్థలు ముందుగా చేయదగినది, కట్ట ఎక్కడుంది, ఎవరిది, దాని కింద ఎన్ని గడపలున్నాయి అన్న మూడు సంగతులతో ఒక జాబితా రాయడం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజినీరు