వార్షిక కార్యకలాపాల నివేదిక, 2025–26

గౌరవ సభ్యులకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన కాలనీ సంఘం చేపట్టిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. మంచినీటి పైపులైను మరమ్మతు, వీధిదీపాలు, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ యథావిధిగా జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి గారి నివేదికలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ భాగం మన హైస్కూలు పిల్లలు రేడియో కోసం చేసిన ఇంటర్వ్యూల గురించే. ఏడాది పొడవునా సభ్యులు మెచ్చుకున్నదీ, గొణిగిందీ కూడా దీని మీదే.

మనం ఉంటున్నది హైదరాబాద్‌లో సినిమా పనివారు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌ను ఆనుకొని. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయటికి వెళితే షూటింగ్ వ్యాను కోసం ఎదురుచూసే మనుషులు కనిపిస్తారు. మన సభ్యుల్లోనే మేకప్ వేసేవారు, లైట్లు మోసేవారు, కాస్ట్యూమ్స్ కుట్టేవారు, డబ్బింగ్ చెప్పేవారు ఉన్నారు. అయినా మన పిల్లలకు సినిమా అంటే తెర మీద కనిపించే నలుగురే. నగరంలోని ఒక కమ్యూనిటీ రేడియో కేంద్రం (చుట్టుపక్కల ప్రజల కోసం నడిచే చిన్న ఎఫ్‌ఎం కేంద్రం) వారు విద్యార్థుల కోసం వారానికి అరగంట ఇస్తామన్నప్పుడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో వినోద రంగంలోని వారిని ఇంటర్వ్యూ చేయిద్దామని కార్యవర్గం తీర్మానించింది. పదో తరగతి పిల్లలను తీసుకోలేదు. తల్లిదండ్రుల దృష్టంతా మార్చి పరీక్షల మీదే ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

పిల్లలకు శిక్షణ ఇచ్చింది ఆకాశవాణిలో చాలాకాలం అనౌన్సరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన సభ్యురాలే. చిన్నప్పుడు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ఊరూరా తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల పిల్లల కార్యక్రమం ‘బాలానందం’ వింటూ పెరిగిన తరం ఆమెది. ఆమె నేర్పిన మొదటి పాఠం పిల్లలకు వింతగా తోచింది: ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఊ కొట్టకూడదు. కథ వినేటప్పుడు ఊ కొట్టడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మైకు ముందు మాత్రం ఆ ‘ఊ’ అవతలివారి మాట మీద పడుతుంది, తర్వాత కత్తిరించి తీయడం కుదరదు. తల ఊపాలి, కళ్లతో వినాలి. రెండో పాఠం, సంభాషణ అయ్యాక అదే గదిలో అరనిమిషం ఎవరూ కదలకుండా ఆ నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయడం. ఎడిటింగులో మాటల మధ్య అతుకులు వినపడకుండా ఉండేది దానివల్లే. ఆ అరనిమిషంలోనే పక్కింటి కుక్కరు విజిల్ వేస్తుందని మనవాళ్లు అనుభవం మీద తెలుసుకున్నారు.

మొదటి రికార్డింగులు అంత బాగా రాలేదని ఒప్పుకోవాలి. టీవీ యాంకర్లను చూసి నేర్చుకున్న ప్రశ్నలే అడిగారు: మీ అభిమాన హీరో ఎవరు, ఈ స్థాయికి ఎలా వచ్చారు, మా శ్రోతలకు మీరిచ్చే సందేశం ఏమిటి. సందేశం అడిగితే సందేశమే వస్తుంది. కాబట్టి శిక్షణ ఇస్తున్న అక్కయ్యగారు (పిల్లలంతా ఆమెను అలాగే పిలుస్తారు) ఒక నియమం పెట్టారు. ప్రతి ఇంటర్వ్యూలో చేతులతో చేసే పని గురించి కనీసం ఒక ప్రశ్న ఉండాలి.

ఆ నియమం ఫలితం సౌండ్ ఎఫెక్ట్స్ కళాకారుడితో చేసిన కార్యక్రమంలో చూశాం. చాలామంది సభ్యులు ఫోను చేసి మరీ మళ్లీ వేయించమన్నది ఆ భాగాన్నే. ఆయన ఒక గోనెసంచి పట్టుకొని వచ్చారు. అందులో పాత చెప్పులు, బూట్లు, గజ్జెలు, రెండు కొబ్బరి చిప్పలు, ఒక తాళాల గుత్తి, రెండు చీరలు. కొబ్బరి చిప్పలను ఇసుక పళ్లెంలో ఆడిస్తే గుర్రం పరుగెత్తింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతవరకు అందరూ ఊహించేదే. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, మీకు అన్నిటికంటే కష్టమైన చప్పుడు ఏది అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, ఒక ఆడమనిషి కుర్చీలోంచి లేచి నిలబడటం అన్నారు. గుడ్డ చప్పుడే పాత్ర ఎలాంటిదో చెప్పాలట. రెండు చీరలూ మైకు దగ్గర మెల్లగా కదిపి చూపించారు. కళ్లు మూసుకొని విన్న పిల్లల్లో ఒక్కరు కూడా ఏది పట్టుచీరో, ఏది నూలుచీరో పొరబడలేదు. హీరోయిన్లు నడిచి వచ్చే దృశ్యాల్లో గజ్జెలు కట్టుకున్నది తనేనని ఆయన చెప్పినప్పుడు గదిలో నవ్వులు ఆగలేదు. ఆ నవ్వులను కత్తిరించలేదు. అది మా నిర్ణయమే, రేడియో కేంద్రం వారిది కాదు.

డబ్బింగ్ కళాకారిణితో కార్యక్రమం కూడా బాగుంది గానీ, గది ప్రతిధ్వని వల్ల సగం మాటలు వినపడలేదు. ఇంకొకసారి చేయాలి.

సురభి నాటక కుటుంబంలో పుట్టి పెరిగిన ఒక కళాకారిణిని కలవడానికి పిల్లలు లింగంపల్లి వెళ్లారు. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఈ నాటక సంప్రదాయంలో స్త్రీ పాత్రలను స్త్రీలే వేశారు. అప్పటి మిగతా రంగస్థలాలపై మగవాళ్లు ఆడవేషాలు కట్టేవారని పిల్లలకు అంతకుముందు తెలియదు. నారదుడు మబ్బుల్లోంచి ఎలా దిగుతాడని ఎనిమిదో తరగతి అబ్బాయి అడిగాడు. తీగలు, కప్పీలు, తెర వెనక తాడు పట్టుకునేవారి చేతివాటం గురించి ఆమె ఓపిగ్గా వివరించారు. ఆ తాడు పట్టుకునేవారు ఎప్పుడైనా పొరబడ్డారా అన్న ప్రశ్నకు మాత్రం ఆమె నవ్వి ఊరుకున్నారు. పిల్లలు రెట్టించలేదు. ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నారు.

ఆగస్టులో ఒక చిక్కు వచ్చింది. ముప్పై శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు సమ్మెకు దిగడంతో షూటింగులు నిలిచిపోయాయి. మన కాలనీలో చాలా ఇళ్లకు అది నేరుగా తగిలిన విషయం. పిల్లలు ఆ సంగతే అడుగుతామన్నారు. కానీ కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేయడానికి ప్రభుత్వ నిబంధనలు ఒప్పుకోవు. ఆకాశవాణి వార్తలనైతే మార్చకుండా వేసుకోవచ్చు. రేడియో, టీవీ ప్రసారాలు సాగే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే క్రికెట్ ప్రసారాల కేసులో చెప్పింది. ఆ కేసులో జస్టిస్ జీవన్‌రెడ్డి రాసిన తీర్పు మన తెలుగువారికి గర్వకారణం. అయినా ఈ ఆంక్ష మాత్రం ఇంకా అలాగే ఉంది. ఇది సబబు కాదని ఈ నివేదిక రాస్తున్న కార్యదర్శి అభిప్రాయం, కార్యవర్గానిది కాకపోవచ్చు. చివరికి పిల్లలు ఒక జూనియర్ ఆర్టిస్టును పని ఉన్న రోజు ఎలా గడుస్తుంది, పని లేని రోజు ఎలా గడుస్తుంది అని మాత్రమే అడిగారు. తెల్లవారుజామున ఏజెంటు ఫోను కోసం ఎదురుచూడటం దగ్గర మొదలుపెట్టి, రాజుగారి సభలో ఈటె పట్టుకొని గంటల తరబడి కదలకుండా నిలబడటం వరకు ఆయన చెప్పుకొచ్చారు. సమ్మె అనే మాట ఎక్కడా రాలేదు. వినేవారికి అర్థం కానిదీ ఏమీ లేదు.

సభ్యుల ఫిర్యాదుల సంగతి. పేరున్న హీరోను ఎందుకు పిలవలేదన్నది మొదటిది. ప్రయత్నించాం. ఒకరి తరఫు ప్రచార బాధ్యులు ప్రశ్నలన్నీ ముందే పంపమన్నారు, పంపాం. అందులో సగం కొట్టేసి, కొత్త సినిమా గురించి తామే రాసిన ప్రశ్నలు చేర్చారు. పిల్లలే వద్దన్నారు. కార్యవర్గం వారి మాటే నిలబెట్టింది. కార్యక్రమంలో సినిమా పాటలు ఎందుకు లేవన్నది రెండోది. హక్కుదారుల అనుమతి, రుసుము లేకుండా పాట వేయడం కుదరదు. అందుకే మనవాళ్లే తబలా, డప్పు వాయించి కార్యక్రమం మొదట్లో వచ్చే సంగీతం తయారుచేసుకున్నారు. మా ఇంట్లో వినపడటం లేదన్నది మూడోది. ఈ కేంద్రాలకు సాధారణంగా అనుమతించే ప్రసార శక్తి 100 వాట్లే. పది పన్నెండు కిలోమీటర్లు దాటితే, లేదా మధ్యలో ఎత్తైన భవనాలు అడ్డొస్తే, వినపడకపోవడం మామూలే. ఆడపిల్లల పేర్లు రేడియోలో చెప్పవద్దన్న తల్లిదండ్రుల కోరిక మేరకు ఇప్పుడు పిల్లలందరి పేర్లూ, మగపిల్లలవి సహా, ఇంటిపేరు లేకుండా చెబుతున్నాం. ప్రతి విద్యార్థికీ తల్లిదండ్రుల సంతకంతో అంగీకార పత్రం తీసుకున్నాం.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. ఒకటి, రికార్డింగుకు సంఘం గదినే వాడుకోవడం. ప్రతిధ్వని తగ్గడానికి గోడలకు దుప్పట్లు, పాత బొంతలు కడితే చాలని అక్కయ్యగారు చెప్పారు. ఇవ్వగలిగినవారు ఉతికి ఇవ్వాలని మనవి. రెండు, ఖర్చుల విషయం. కమ్యూనిటీ రేడియోలు గంటకు 12 నిమిషాల వరకు ప్రకటనలు వేసుకోవచ్చని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన కాలనీ టిఫిన్ సెంటర్లు, కుట్టు దుకాణాలు ప్రకటనలిస్తే రేడియో కేంద్రానికి ఆసరాగా ఉంటుంది. బదులుగా మన పిల్లలు ఎడిటింగ్ నేర్చుకోవడానికి తమ స్టూడియోలో శనివారాలు చోటిస్తామని వారు మాట ఇచ్చారు. ఈ రెండో ప్రతిపాదనపై ఈ సమావేశంలోనే ఓటింగ్ పెట్టాలని కార్యవర్గం కోరుతోంది.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున