రంగు మారినా నేత కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

నేల మీద పరుచుకునే మా వరంగల్ నూలు శెత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడ మగ్గాల మీద నేసిన సరుకును ఇప్పుడు ఎక్కడో దూరాన ఉన్నవాళ్లు ఫోన్‌లో బొమ్మ చూసి కొంటున్నారు. ఆ బొమ్మలు తయారయ్యే తీరు వల్ల నేసినవాళ్లకు నష్టం జరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం.

నేను హనుమకొండలో ఫోటో ఎడిటింగ్ పని చేస్తాను. పెళ్లి ఆల్బమ్‌లే మాకు ప్రధానం. పండుగల ముందు చేనేత సరుకు ఫోటోలు కూడా వస్తుంటాయి. ఒకే డిజైన్‌ను చాలా రంగుల్లో నేస్తారు. ప్రతి రంగుకూ లైట్లు పెట్టి ఫోటో తీయించే స్తోమత చిన్న నేతగాళ్లకు ఉండదు. ఒకటి తీసి, మిగతావి కంప్యూటర్‌లో మార్చమంటారు. అందులో తప్పేం లేదు, మార్చే పద్ధతితోనే చిక్కంతా.

ఎక్కువ చోట్ల జరిగేదేమిటంటే, శెత్రంజీని సెలెక్ట్ చేసి బకెట్ టూల్‌తో కొత్త రంగు పోసేస్తారు. మెరూన్ కాస్తా ఆకుపచ్చ అవుతుంది. కానీ పడుగు మీద పేక ఎక్కి దిగిన సన్నటి గట్లు పోతాయి. కుచ్చుల కింద నేల మీద పడ్డ నీడ పోతుంది. మడత దగ్గరి వంపు కూడా మిగలదు. చివరికి ప్లాస్టిక్ చాపలా కనపడుతుంది. చేత్తో తడిమి చూడలేని కొనుగోలుదారుకు నూలు ఎంత లావో, నేత ఎంత బిగువో చెప్పేది ఆ వెలుగునీడలే. నాకు తెలిసిన ఒక నేతన్నకు ఇట్లాగే సరుకు వెనక్కి వచ్చింది. ఫోటోలో నున్నగా ఉంది, ఇదేమిటి ఇంత గరుకుగా ఉందని కొన్నాయన అడిగాడట. చేతి నేత నూలు శెత్రంజీ గరుకుగానే ఉంటుంది, అదే దాని గుణం. ఆ గుణాన్ని చెరిపేసింది మా ఎడిటింగ్ పనివాళ్లే.

సరైన దారి కష్టమేమీ కాదు. ఫోటో పైన కొత్త లేయర్ (పొర) పెట్టి, కావలసిన రంగు నింపి, ఆ లేయర్ మోడ్‌ను, అంటే అది కింది ఫోటోతో కలిసే తీరును, ‘కలర్’కు మార్చాలి. అప్పుడు కింది ఫోటో నుంచి వెలుగు, పై లేయర్ నుంచి రంగు మాత్రమే తీసుకుంటుంది. గట్లు గట్లుగానే, నీడ నీడగానే ఉంటాయి. రంగు మారకూడని అంచును మాస్క్‌తో, అంటే ఆ భాగం మీద రంగు పడకుండా కప్పి, కాపాడుకోవాలి.

ఇక్కడి దాకా చాలామందికి తెలుసు. ఆ తర్వాతే దెబ్బ తింటారు. మన కంటికి అన్ని రంగులూ ఒకే వెలుగుతో కనపడవు. సాఫ్ట్‌వేర్ వెలుగును లెక్కగట్టేటప్పుడు ఎరుపుకు 30 శాతం, ఆకుపచ్చకు 59, నీలానికి 11 శాతం విలువ ఇస్తుంది. ఆ లెక్కన, తెర మీద ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే వచ్చే నిండు పసుపు వెలుగు 89, నిండు నీలం వెలుగు 11. అందుకే పసుపు చీర మీద ‘కలర్’ మోడ్‌లో ముదురు నీలం పెడితే, పాత వెలుగును నిలబెట్టే ప్రయత్నంలో అది వెలిసిపోయిన లేత నీలంగా వస్తుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. వెలుగును సర్దే ‘కర్వ్స్’ అనే సాధనంతో మొత్తం వెలుగును కిందికి దించాలి. అయితే వెలుగుకూ నీడకూ మధ్య ఉన్న తేడా చెడకుండా దించాలి. పనితనమంతా అక్కడే ఉంది. కొందరు విసిగిపోయి మళ్లీ బకెట్ అందుకునేదీ అక్కడే.

తెల్ల నూలు సంగతి వేరు. ‘కలర్’ మోడ్ తెలుపును ముట్టదు. దానికి ‘మల్టిప్లై’ అనే మోడ్ పెడితే రంగు పడుతుంది, మడతల నీడలు కూడా నిలుస్తాయి. నలుపైతే ముందుగా వెలుగు పెంచాలి. పెంచితే నీడల్లో దాగిన గింజల్లాంటి చుక్కలు పైకి తేలి ఫోటో చెడుతుంది. అట్లాంటప్పుడు ఆ రంగు ముక్కనే తెమ్మని, ఫోటో తీయించమని నేను చెప్పేస్తాను. పట్టు మీద తళుక్కుమనే మెరుపు కూడా చూసుకోవాలి. అది బట్ట రంగు కాదు, పైనుంచి పడిన లైటు రంగు. దాన్ని కూడా ఆకుపచ్చ చేస్తే పట్టు పట్టులా ఉండదు.

డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని కూడా లేదు. ‘గింప్’ ఉచితంగా దొరుకుతుంది. అందులోనూ ఈ మోడ్‌లన్నీ ఉన్నాయి. 2018లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి, కంటి చూపుకు మరింత దగ్గరగా వెలుగును లెక్కగట్టే ‘ఎల్‌సీహెచ్ కలర్’ మోడ్ కూడా చేరింది. చేనేత కుటుంబాల పిల్లలు చాలామంది కంప్యూటర్ కోర్సులు చేసి వస్తున్నారు. వాళ్లకు ఫ్లెక్సీ డిజైన్, పేర్లకు మెరుపులు పెట్టడం నేర్పుతున్నారు గానీ, బట్టను బట్టలా చూపించడం ఎవరూ నేర్పడం లేదు. మన ఊళ్లో ఇంతకంటే అక్కరకొచ్చే పాఠం ఏముంటుంది?

చేనేత శాఖ వారికి, సహకార సంఘాల వారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఆన్‌లైన్ అమ్మకాల శిక్షణ పెట్టినప్పుడు ఈ పాఠాన్ని తప్పకుండా చేర్చండి. రంగు మార్చిన ఫోటో కింద ఆ మాట స్పష్టంగా రాయించండి. పక్కనే ఆ రంగు నూలు చిలప ఫోటో ఒకటి, పగటి వెలుతురులో తీసినది, ఏమీ మార్చకుండా పెట్టించండి. కంప్యూటర్‌లో ఎంత జాగ్రత్తగా మార్చినా అద్దకంలో వచ్చే అసలు రంగు కొంత తేడాగానే ఉంటుంది. కొనేవాళ్లకు అది ముందే తెలియాలి.

కొత్తవాడలో ఎవరైనా పిల్లలను కూర్చోబెడితే, ఆదివారాలు వచ్చి ఈ పని నేర్పడానికి నేను సిద్ధం. ఫీజు అక్కర్లేదు.

ఇట్లు
ఒక ఫోటో ఎడిటర్,
హనుమకొండ.