2022 మార్చి 10న ఒప్పందం, మార్చి 12న తొలి ట్రేడ్: బేస్‌బాల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ గారికి,

నమస్కారాలతో రాయునది.

ఆటగాళ్ల సంఘంతో మీ ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1తో తీరిపోతుంది. కొత్త ఒప్పందంలో ఏముండాలో యజమానులు చెబుతున్నారు, ఆటగాళ్లూ చెబుతున్నారు. టికెట్ కొని చూసేవాళ్లకు ఆ చర్చల్లో కుర్చీ లేదు, అందుకే ఈ లేఖ. మేము ఓక్లాండ్ అథ్లెటిక్స్ అభిమానులం. జట్టు వెళ్లిపోయాక ఇంకా దేనికి రాస్తున్నారని మీకు అనిపించవచ్చు. మాకు జరిగింది రేపు పిట్స్‌బర్గ్ వాళ్లకో, మియామీ వాళ్లకో జరగకూడదని రాస్తున్నాం.

ఒకసారి గట్టిగానే చెప్పుకున్నాం. 2023 జూన్ 13న, ఒక మంగళవారం రాత్రి, లీగ్‌లో అట్టడుగున ఉన్న జట్టును చూడడానికి 27,759 మంది ఓక్లాండ్‌లో మా జట్టు ఆడే కొలీజియం స్టేడియానికి వచ్చారు. జట్టును అమ్మేయమని యజమానిని కోరుతూ ఆట పొడవునా అరిచారు. మా అర్జీ అదే. ఆ వారంలోనే మీరు దాని గురించి అన్న మాట మాకు ఇంకా గుర్తుంది. దాన్ని మళ్లీ ఇక్కడ రాయడానికి మనసు రావడం లేదు. ఐదు నెలలు దాటగానే, నవంబర్ 16న, ముప్పై జట్ల యజమానులూ ఏకగ్రీవంగా జట్టును లాస్ వేగస్‌కు తరలించడానికి ఓటేశారు.

కానీ అయ్యా, మా జట్టు ఆ ఓటుతో పోలేదు. అంతకుముందే, ఒక్కో ఆఫ్ సీజన్‌లో (ఆటలు లేని నెలల్లో) కొంత కొంతగా పోయింది. మేము మీ ముందు పెట్టదలచింది ఆ సంగతే.

నవంబర్ రాగానే మిగతా ఊళ్లలో అభిమానులు ఎవరొస్తారా అని చూస్తారు. మేము ఎవరు పోతారా అని లెక్క వేసుకునేవాళ్లం. ఆ లెక్క మాకు నోటికొచ్చు. 172 రోజులు జట్టులో ఉంటే ఒక సర్వీస్ సంవత్సరం. మూడేళ్లు నిండితే ఆర్బిట్రేషన్, అంటే జీతాన్ని మధ్యవర్తి దగ్గర తేల్చుకునే హక్కు. ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ. ఇది మీ ఒప్పందంలో ఉన్న గడియారం. ఓక్లాండ్‌లో దానికి ఇంకో ముల్లు ఉండేది. నాలుగేళ్లు నిండాయంటే ట్రేడ్ (ఆ ఆటగాణ్ని ఇచ్చి వేరే జట్టు కుర్రాళ్లను తెచ్చుకోవడం) దగ్గరపడినట్టే. ఎందుకంటే, ఫ్రీ ఏజెంట్ కావడానికి ఇంకా రెండేళ్లున్న ఆటగాడికి ఎక్కువ ధర పలుకుతుంది. ఏడాదే మిగిలితే అందులో సగం. ఏమీ మిగలకపోతే ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ని ఎంచుకునే అవకాశం), అదీ క్వాలిఫయింగ్ ఆఫర్ (నిర్ణీత జీతానికి ఏడాది కాంట్రాక్ట్) ఇచ్చే ధైర్యం యజమానికి ఉంటేనే.

2022 మార్చిలో ఈ లెక్క ఎంత కచ్చితంగా నడిచిందో చూడండి. ఫస్ట్ బేస్‌మన్ మాట్ ఓల్సన్‌కు ఇంకా రెండేళ్లు ఉంది. అట్లాంటా నుంచి నలుగురు వచ్చారు. థర్డ్ బేస్‌మన్ మాట్ చాప్‌మన్‌కూ రెండేళ్లే. టొరంటో నుంచీ నలుగురే. పిచర్ క్రిస్ బాసిట్‌కు ఒక్క ఏడాది మిగిలింది. న్యూయార్క్ మెట్స్ ఇద్దరిని ఇచ్చింది. ఇంకో పిచర్ షాన్ మనయాకూ ఏడాదే. శాన్ డియాగో నుంచి వచ్చింది ఇద్దరు. అంతకు ఏడాది ముందు షార్ట్‌స్టాప్ మార్కస్ సెమియన్‌కు ఏమీ మిగల్లేదు. మాకు వచ్చిందీ ఏమీ లేదు.

సెమియన్ సంగతి దగ్గర కాస్త ఆగాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి, బర్క్‌లీలో చదువుకున్న మా ప్రాంతం కుర్రాడు. 2020 ఆఖర్లో క్వాలిఫయింగ్ ఆఫర్ 1.89 కోట్ల డాలర్లు. అది ఇచ్చి ఉంటే అతను ఉండిపోయేవాడు, లేదా మాకు డ్రాఫ్ట్ పిక్ దక్కేది. ఇవ్వలేదు. తర్వాత ఏడాదికి 1.25 కోట్లు ఇస్తామన్నారనీ, అందులో కోటి డాలర్లు ఏటా పది లక్షల చొప్పున పదేళ్ల వాయిదాల్లో ఇస్తామన్నారనీ వార్తలొచ్చాయి. అతను 1.8 కోట్లకు టొరంటో వెళ్లి 2021లో 45 హోమ్ రన్లు కొట్టాడు. సెకండ్ బేస్‌మన్ ఒకే సీజన్‌లో అన్ని కొట్టడం అంతకుముందు ఎప్పుడూ లేదు. ఆ తర్వాత టెక్సస్ ఏడేళ్లకు 17.5 కోట్లు ఇచ్చింది.

నారు పోసి నీరు పెట్టింది ఓక్లాండ్. కోత కోసుకున్నది మిగతా ఊళ్లు. ఓల్సన్‌ను 2012లో డ్రాఫ్ట్ చేశాం, మైనర్ లీగుల్లో ఏళ్లపాటు పెంచాం. ట్రేడ్ అయిన మర్నాడే అట్లాంటా అతనితో ఎనిమిదేళ్లకు 16.8 కోట్ల ఒప్పందం చేసుకుంది. ఒక్క రోజులో! 2023లో అతను 54 హోమ్ రన్లతో మొత్తం లీగ్‌కే మొదటివాడయ్యాడు. ఆ ఏడాది మేము 112 ఆటలు ఓడాం. ఆ ముందు డిసెంబర్‌లో క్యాచర్ షాన్ మర్ఫీ కూడా అట్లాంటాకే వెళ్లాడు. ఆ నెలాఖరుకే అతనికీ ఆరేళ్లకు 7.3 కోట్లు. చాప్‌మన్ ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోకు ఆడుతున్నాడు, ఆరేళ్లకు 15.1 కోట్లు. కొలీజియానికి అఖాతం అవతలి ఒడ్డే అది. ఆ ఒడ్డున దొరికిన డబ్బు ఈ ఒడ్డున ఎందుకు దొరకలేదు?

ఇప్పుడు తేదీలు చూద్దాం. యజమానులు ఆటగాళ్లకు తలుపులు మూసేసిన 99 రోజుల లాకౌట్ తర్వాత ఒప్పందం కుదిరింది 2022 మార్చి 10న. రెవెన్యూ షేరింగ్‌లో, అంటే పెద్ద జట్ల ఆదాయంలో కొంత చిన్న జట్లకు పంచే ఏర్పాటులో, ఓక్లాండ్ వాటాను అంతకుముందు ఒప్పందం మెల్లగా సున్నా చేసింది. కొత్త ఒప్పందం దాన్ని విడతల వారీగా తిరిగి ఇచ్చింది. 2022లో పావు వంతు, 2025కి పూర్తి వాటా, 2024 జనవరి 15లోగా స్టేడియం ఖరారు చేసుకోవాలనే షరతుతో. అంటే డబ్బు దారి తెరుచుకుంది. రెండో రోజున, మార్చి 12న బాసిట్ పోయాడు. 14న ఓల్సన్. 16న చాప్‌మన్. ఏప్రిల్ 3న మనయా. ఆ సీజన్ మొదట్లో మా మొత్తం జీతాల బిల్లు 5 కోట్లకు అటూ ఇటూ. అదే ఏడాది మెట్స్ ఒక్క మాక్స్ షెర్జర్‌కే 4.33 కోట్లు ఇచ్చింది.

97 ఆటలు గెలిచిన 2019లో కొలీజియానికి 16 లక్షలకు పైగా జనం వచ్చారు. ఆటగాళ్లను పంపేసిన 2022లో 8 లక్షలు కూడా రాలేదు. ఆ ఖాళీ కుర్చీలనే చూపించి ఈ ఊరు బేస్‌బాల్‌కు పనికిరాదన్నారు. ఏది ముందు జరిగిందో, ఏది దాని వల్ల జరిగిందో మీ కార్యాలయంలో ఉన్నవాళ్లకు మేము చెప్పాలా?

డబ్బు లేక కాదని తర్వాత తేలిపోయింది. ఎరిక్ చావెజ్‌కు 2004లో ఇచ్చిన 6.6 కోట్లే ఇరవై ఏళ్లపాటు ఈ జట్టు చరిత్రలో అతి పెద్ద కాంట్రాక్ట్. కొలీజియంలో చివరి ఆట 2024 సెప్టెంబర్ 26న అయిపోయింది. ఆ డిసెంబర్‌లోనే లూయీస్ సెవెరీనోకు మూడేళ్లకు 6.7 కోట్లు ఇచ్చి ఆ రికార్డు దాటారు. జనవరిలో బ్రెంట్ రూకర్‌కు 6 కోట్లు, మార్చిలో లారెన్స్ బట్లర్‌కు 6.55 కోట్లు, 2025 డిసెంబర్‌లో టైలర్ సోడర్‌స్ట్రామ్‌కు ఏడేళ్లకు 8.6 కోట్లు. ఆ కుర్రాళ్లను చూస్తే సంతోషమే, వాళ్ల తప్పేమీ లేదు. అయితే ఈ చెయ్యి ఎందుకు విడివడిందో అందరికీ తెలుసు. రెవెన్యూ షేరింగ్‌లో తీసుకున్న వాటాకు ఒకటిన్నర రెట్లు జీతాలకు ఖర్చుపెట్టకపోతే, ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు చేసినప్పుడు తప్పు లేదని నిరూపించుకోవాల్సిన భారం జట్టు మీద పడుతుంది. 2025కి ఆ గీత సుమారు 10.5 కోట్లని వార్తలొచ్చాయి. నియమం గట్టిగా మెడ మీద ఉంటే డబ్బు బయటికి వస్తుంది. మేము అడిగేది ఇంతే. ఆ నియమం మా ఊళ్లో ఉండగా ఎందుకు పనిచేయలేదు?

ఆ నియమం పనిచేసే తీరులోనే లోపం ఉంది. ఎవరో ఫిర్యాదు చేస్తే తప్ప అది కదలదు. 2018లో ఓక్లాండ్, మియామీ, పిట్స్‌బర్గ్, టాంపా బే జట్ల మీద సంఘం ఫిర్యాదు వేసింది. 2022 చర్చల నాటికి కూడా అది తేలలేదు. ఈలోపు ఆటగాడి ఆరేళ్లూ అయిపోతాయి. స్కూల్లో ఉన్న పిల్లవాడు కాలేజీకి వెళ్లిపోతాడు, గోడ మీద అతికించిన బొమ్మలో ఉన్న ఆటగాడు మూడు జట్లు మారిపోతాడు.

లాస్ ఏంజలెస్ డాడ్జర్స్ ఖర్చు గురించే ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. వాళ్ల ఆటగాడు ఓతానీకి 70 కోట్లు, అందులో 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా వాయిదా. మాకు దాని మీద పెద్ద కోపం లేదు. అభిమాని ఇచ్చిన డబ్బును అభిమాని చూసే ఆటగాడి మీద పెడుతున్నారు. సాలరీ క్యాప్ (జీతాల బిల్లుకు గరిష్ఠ పరిమితి) తెస్తే అంతా సర్దుకుంటుందని మీ యజమానులు అంటున్నారు. డాడ్జర్స్ పది కోట్లు తగ్గించుకుంటే ఓక్లాండ్‌కు ఓల్సన్ మిగిలేవాడా? పైకప్పు వేసినంత మాత్రాన నేల గట్టిపడదు. 2021 ఆగస్టులో మీరే ప్రతి జట్టూ జీతాలకు కనీసం 10 కోట్లు పెట్టాలంటూ కనీస బిల్లును ప్రతిపాదించారు. కానీ లగ్జరీ ట్యాక్స్ (జీతాల బిల్లు ఒక గీత దాటిన జట్టు కట్టే పన్ను) గీతను 21 కోట్ల నుంచి 18 కోట్లకు దించాలన్న మెలిక పెట్టారు. అందుకే అది ముందుకు పోలేదు. ఆ మెలిక తీసేసి కనీస బిల్లు ఒక్కటే మళ్లీ బల్ల మీద పెట్టండి.

ఒకటిన్నర రెట్ల లెక్కను ఎవరి ఫిర్యాదూ అక్కర్లేకుండా ఏటా సీజన్ ముగిసేసరికి మీ కార్యాలయమే తేల్చాలి. ఎంత తక్కువ పడిందో అంతా మరుసటి ఏడాది వాటాలో కోత పెట్టాలి. సొంతంగా పెంచిన ఆటగాడికి ఆరేళ్లు నిండకముందే దీర్ఘకాల కాంట్రాక్ట్ ఇచ్చే చిన్న జట్టుకు, ఆ జీతంలో కొంత లగ్జరీ ట్యాక్స్ నిధి నుంచి ఇవ్వాలి. అప్పుడు నాలుగో ఏట ట్రేడ్ చేయడం కన్నా అట్టిపెట్టుకోవడమే లాభం అవుతుంది. స్టేడియం కోసం ఊరితో బేరమాడుతున్న జట్టు, ఊరు మారతానని అడుగుతున్న జట్టు, జీతాల బిల్లును అంతకుముందు మూడేళ్ల సగటు కన్నా తగ్గించకూడదు. ఈ ఒక్క షరతు 2022లో ఉండి ఉంటే ఆ మార్చి నెల వేరుగా ఉండేది. కనీస బిల్లు కావాలి అని ఇంకోసారి రాస్తున్నాం, దయచేసి వినండి.

ఈ లేఖ తెలుగులో ఎందుకని మీ వాళ్లు అడగవచ్చు. ఈ జట్టు ఒకప్పుడు ఫ్రీమాంట్‌లో స్టేడియం కడతానంది. 2006లో ప్రకటించి 2009లో వదిలేసింది. ఆ ఫ్రీమాంట్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. క్రికెట్ చూస్తూ పెరిగిన తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టిన పిల్లలే ఈ ఆట నేర్పారు. బార్ట్ రైలెక్కి కొలీజియం స్టేషన్‌లో దిగి, వంతెన మీదుగా నడిచి వెళ్లేవాళ్లు. 2025 జూన్‌లో అదే మైదానంలో మేజర్ లీగ్ క్రికెట్ ఆడితే మా వాళ్లు మళ్లీ అదే వంతెన మీదుగా వెళ్లారు. అదే సమయంలో మీ జట్టు వెస్ట్ శాక్రమెంటోలో సుమారు 14,000 మంది పట్టే మైనర్ లీగ్ మైదానంలో ఆడుతోంది, లాస్ వేగస్‌లో కట్టడం పూర్తయ్యేదాకా.

కొత్త ఒప్పందం ముసాయిదా మీ చేతికి వచ్చినప్పుడు, ముందుగా కనీస జీతాల బిల్లు ఉన్న పేజీ చూడండి. ఆ పేజీ లేకపోతే సంతకం పెట్టకండి.

ఇట్లు,
ఓక్లాండ్ అథ్లెటిక్స్ తెలుగు అభిమానులు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా