లైటు వెలుగుతోంది, లొకేషన్ రావడం లేదు: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

హనుమకొండలో మాక్సీ క్యాబులకు, అంబులెన్సులకు ట్రాకర్లు, అంటే బండి ఎక్కడుందో కంట్రోల్ రూముకు తెలిపే డబ్బాలు, బిగించే పనిలో ఉన్నాను. ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో తిరిగే బండ్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. అక్కడి బండ్లలో ఈ డబ్బాలు ఉన్నాయి. వాటిలోని డేటా సెట్టింగులు ఆ దారికి సరిపోతాయా అని అడిగేవాళ్లే లేరు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధన 125-హెచ్ ప్రకారం 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్రయాణికుల బండ్లలో, ఆటోలు, ఈ-రిక్షాలు మినహా, ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. ఆ డబ్బా ఎలా ఉండాలో ఏఐఎస్-140 అనే సాంకేతిక ప్రమాణం చెబుతుంది. నిజానికి అది మంచి ప్రమాణమే. నెట్‌వర్క్ లేనప్పుడు కనీసం 40,000 లొకేషన్లు దాచుకోవాలి. బండి బ్యాటరీ తీసేసినా 4 గంటలు పనిచేయాలి. బటన్ నొక్కినప్పుడు డేటా పోకపోతే ఎస్సెమ్మెస్ అయినా పంపాలి.

పస్రా దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్తే సిగ్నల్ వచ్చి పోతూ ఉంటుంది. 'జీపీఎస్ అంటే శాటిలైటే కదా, అడవి అయితే ఏంటి' అని ఓనర్లు అంటారు. చదువుకున్న అధికారుల నోట కూడా ఈ మాట విన్నాను. జీపీఎస్ అయినా, మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ అయినా, బండి ఎక్కడుందో ఆ బండిలోని డబ్బాకు మాత్రమే తెలిసేలా చేస్తాయి. ఆ కబురు కంట్రోల్ రూముకు చేరాలంటే సెల్ టవర్ కావాలి.

టవర్ ఉన్నచోట కూడా తిప్పలే. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరొంచ, అంటే మహారాష్ట్ర టెలికాం సర్కిల్. వాజేడు, వెంకటాపురం వైపు పక్కనే ఛత్తీస్‌గఢ్. బండి మన ఒడ్డునే ఉన్నా డబ్బా అవతలి టవర్‌ను పట్టుకోవచ్చు. సెట్టింగుల్లో డేటా రోమింగ్ (వేరే సర్కిల్ టవర్ మీద డేటా వాడుకునే వీలు) ఆఫ్‌లో ఉంటే నెట్‌వర్క్ లైటు చక్కగా వెలుగుతుంది, ఒక్క లొకేషన్ కూడా బయటికి పోదు. ఏపీఎన్, అంటే సిమ్ కంపెనీ డేటాకు దారి చూపే పేరు, దాని సంగతీ అంతే. ఈ డబ్బాల సిమ్‌లో రెండు కంపెనీల ప్రొఫైళ్లు ఉంటాయి. ఒకటి అందనప్పుడు రెండోదానికి మారితే ఏపీఎన్ కూడా మారాలి. బిగించినవాడు ఒక్కటే కొట్టి వదిలేస్తే రెండో ప్రొఫైల్ ఉన్నా లేనట్టే. ఇంకో తలనొప్పి: కొన్ని డబ్బాలు టవర్ దొరకగానే దాచుకున్న పాత లొకేషన్లన్నీ వరసగా పంపడం మొదలుపెడతాయి. అప్పుడు ఎవరైనా ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఆ కబురు క్యూలో చివర నిలబడుతుంది. దాన్ని ముందుకు పంపే సెట్టింగ్ ఉంటుంది, కానీ ఎవరో ఒకరు దాన్ని ఆన్ చేయాలి కదా.

అందుకే తనిఖీలో లైటు చూసి సంతకం పెట్టొద్దని నా మనవి. డబ్బా పంపిన దానికి కంట్రోల్ రూము సర్వర్ నుంచి జవాబు వచ్చిందా అన్నది చూడాలి. అది కూడా ఆఫీసు ఆవరణలో కాదు, బండి తిరిగే రూటులో. గత వారం రోజుల లాగ్ (డబ్బా పంపిన వాటి రికార్డు) తెరిస్తే ఎక్కడ ఎంతసేపు మూగబోయిందో కనిపిస్తుంది.

ఇక టవరే లేని చోట్ల సంగతి. సెల్ డేటా అందనప్పుడు శాటిలైట్ ద్వారా డేటా పంపే మోడెములు ఉన్నాయి. ఇది మనకు కొత్తేమీ కాదు. కాజీపేట మీదుగా వెళ్లే రైళ్లనే చూడండి, చాలా ఇంజన్లలో రైలు ఎక్కడుందో చెప్పే ఆర్‌టీఐఎస్ పరికరం ఉంది, రైల్వే, ఇస్రో కలిసి తెచ్చింది. అది సెల్ నెట్‌వర్క్‌తో పాటు ఉపగ్రహం ద్వారా కూడా కబురు పంపుతుంది. సముద్రంలో వేటకెళ్లే లక్ష పడవలకు ఉపగ్రహం ద్వారా కబురు పంపే ఇస్రో ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకాన్ని కేంద్రం చేపట్టింది. ఏజెన్సీలో తిరిగే అంబులెన్సుకు మాత్రం ఎందుకు వద్దు?

ఖర్చు ఎక్కువన్నది నిజమే. అందుకే సెట్టింగ్ జాగ్రత్తగా పెట్టాలి. ముందు సెల్ డేటానే ప్రయత్నించాలి. కొన్ని నిమిషాలైనా సర్వర్ జవాబు రాకపోతేనే శాటిలైట్‌కు మారాలి. అందులో బండి నంబరు, లొకేషన్, టైము, ఎమర్జెన్సీ ఉందా లేదా అన్నది మాత్రమే వెళ్లాలి, మిగతాదంతా టవర్ దొరికేదాకా ఆగుతుంది. ఆ గడువు మరీ తక్కువ పెడితే మలుపు మలుపుకీ మారి బిల్లు పెరుగుతుంది. యాంటెన్నాను రేకు కింద దాచకుండా ఆకాశం కనిపించేలా పైన బిగించాలి.

'సిగ్నల్ లేకపోతే' మారాలని కాకుండా 'జవాబు రాకపోతే' అని ఎందుకంటున్నానంటే, మేడారం జాతర గుర్తొచ్చి. ఆ నాలుగు రోజులు సిగ్నల్ ఉంటుంది, జనం రద్దీకి డేటా మాత్రం కదలదు. సిగ్నల్‌ను నమ్ముకున్న మోడెమ్ అలా టవర్‌నే పట్టుకుని కూర్చుంటుంది.

శాటిలైట్ పరికరాలకు కేంద్ర టెలికాం శాఖ అనుమతి కావాలి. అది మాలాంటి వాళ్ల చేతిలో లేదు. ముందుగా ములుగు, భూపాలపల్లి అంబులెన్సులకైనా ఆ అనుమతి కోసం మీ శాఖ నుంచి ఒక లేఖ వెళ్లాలి. రూటులో తనిఖీకి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, మీ సర్క్యులర్ ఒక్కటి చాలు.

భవదీయుడు,
ఒక ట్రాకర్ మెకానిక్, హనుమకొండ