వయసు సంగతి సరే, పోయిన ఉద్యోగం సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ మహిళల పేజీలో ముప్పై అయిదు దాటాక గర్భం గురించి వేసిన వ్యాసం చదివాను. బీపీ, షుగర్, కడుపులో బిడ్డకి లోపాలున్నాయేమో చూసే ఎన్‌టీ స్కాన్, టిఫా స్కాన్ అన్నీ రాశారు, తప్పేం లేదు, నేను చేయించుకున్నవే అవన్నీ. నాకు 41 ఏళ్లు, పాపకి ఏడో నెల. కానీ అంత పెద్ద వ్యాసంలో డబ్బు అనే మాట ఒక్కసారి కూడా లేదు. నన్ను ఆ తొమ్మిది నెలలూ నిద్రపోనివ్వనిది నా వయసు కాదండీ, మూడో నెలలో పోయిన ఉద్యోగం.

మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఆరేళ్లు చేశాను. పెళ్లయిన పదకొండేళ్లకు నిలిచిన కడుపు కాబట్టి మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని మా అత్తగారు మరీ మరీ చెప్పారు, అయినా స్కాన్‌కి సెలవు కావాలి కదా, మేనేజర్‌కి చెప్పాను. రెండు వారాలకు ప్రాజెక్టు అయిపోయిందన్నారు. రెంటికీ సంబంధం ఉందని నేను నిరూపించలేను, కాబట్టి అనను. హెచ్‌ఆర్ అమ్మాయి చాలా మర్యాదగా, "మేడం, మీరే రిజైన్ చేసినట్టు పెడితే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఉంటుంది, రేపు ఇంకోచోట ఇబ్బంది పడరు" అంది. నాకేమో వేవిళ్లు, కళ్లు తిరుగుతున్నాయి, ఇంటికెళ్లి పడుకుంటే చాలనిపించింది. సంతకం పెట్టేశాను.

ఆ సంతకం ఖరీదు తర్వాత తెలిసింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం (2025 నవంబరు నుంచి సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది) ప్రకారం, పది మందికి తగ్గకుండా పనిచేసే చోట, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన ఆడవాళ్లకు జీతంతో సెలవు ఇవ్వాలి. 2017లో ఆ సెలవును 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. ఇంతవరకూ నాకూ తెలుసు. తెలియనిది ఏంటంటే, గర్భంతో ఉండగా కంపెనీ తీసేసినా సరే, తీసేయకపోతే ఆమెకు రావాల్సిన ప్రసూతి డబ్బు ఊరికే పోదని అదే చట్టంలో ఉంది. పెద్ద తప్పేదో చేసిందని రాతపూర్వకంగా చెప్పి ఆపితే తప్ప. అయితే అది కంపెనీ తీసేస్తేనే. కాగితం మీద నేను నా అంతట నేనే వెళ్లిపోయాను!

ఉద్యోగంతోపాటే కంపెనీ చేయించిన గ్రూప్ ఇన్సూరెన్సూ పోయింది. సొంతంగా పాలసీ తీసుకుందామంటే కాన్పు ఖర్చులకు మూడేళ్లు వెయిటింగ్ అన్నారు. బిడ్డ తొమ్మిది నెలలకే వచ్చేస్తుందని వాళ్లకెవరు చెప్పాలి? మావారిది చిన్న ప్రైవేటు ఉద్యోగం, అక్కడ ఇన్సూరెన్స్ లేదు, జీతం 21 వేలు దాటింది కాబట్టి తక్కువ జీతాల వాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఈఎస్‌ఐ కూడా లేదు.

మొదట చూపించుకున్న ప్రైవేటు ఆసుపత్రిలో ఫారం నింపే కుర్రాడు వృత్తి దగ్గర నన్ను అడక్కుండానే గృహిణి అని రాసేశాడు. అందులో తప్పేముంది, మా అమ్మ జీవితమంతా గృహిణే. అయినా ఆ రోజు అక్కడే ఏడుపొచ్చింది. ఆ తర్వాత "లేటు వయసు, ప్రెషస్ బేబీ" అంటూ ఆపరేషన్ ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. ఈ ప్రెషస్ అనే మాట వినీ వినీ విసుగొచ్చింది, పక్కింటి ఇరవై రెండేళ్ల అమ్మాయి కడుపులో బిడ్డ ప్రెషస్ కాదా? నలభైలో కంటే బిడ్డకి డౌన్స్ సిండ్రోమ్ (పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల మందగించే పరిస్థితి) వచ్చే అవకాశం సుమారు నూటికి ఒకటి అన్నప్పుడు నేను బెంబేలెత్తిపోయాను, మావారు మాత్రం "తొంభై తొమ్మిది మందికి రాదనేగా" అన్నారు. ఇంకాస్త గట్టిగా తెలుసుకోవడానికి ఎన్‌ఐపీటీ అని రక్తపరీక్ష ఉందన్నారు. దాని కోసం నా పీఎఫ్ డబ్బులు తీశాం.

ఆరో నెలలో గ్లూకోజు నీళ్లు తాగించి చూస్తే షుగర్ తేలింది. ఇక లాభం లేదని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి మారాను. పేట్లబుర్జు, కోఠి అని పేర్లు ఎత్తగానే మా చుట్టాలు మొహం చిట్లించారు, వాళ్లలో ఒక్కరూ బిల్లు కడతామని మాత్రం అనలేదు. మహాలక్ష్మి బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్టుతో వెళ్లేదాన్ని. క్యూలో మూడు గంటలు పట్టేది. కానీ అక్కడి డాక్టరమ్మ ఈ వయసులో ఏంటి అనలేదు, రాత్రి అన్నం ఎంత తింటున్నావని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నా తప్పే. మా వీధి అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. నాలుగు నెలలు ఆ గుమ్మం ముందు నుంచే నడిచాను, లోపలికి పోలేదు. ఎంబీఏ చదివి గుడ్డు కోసం పళ్లెం పట్టుకుని కూర్చోవడమా అని సిగ్గు. చివరికి టీచరే పిలిచి, "రోజూ చూస్తున్నా, లోపలికి రామ్మా" అంది. వెళ్లాను. నా పక్కన కూర్చున్న బిహారీ అమ్మాయికి పందొమ్మిదేళ్లు ఉంటాయేమో, నేను పప్పు మిగిలిస్తే కోప్పడేది.

ఆలస్యంగా తల్లి కావడంలో అసలు కష్టం పురుడు అయ్యాక తెలిసింది. నాకు 41 అంటే మా అమ్మకు 71. కాళ్ల మీద పడుకోబెట్టుకుని పిల్లకి నీళ్లు పోయడానికి ఆవిడకి మోకాళ్లు వంగవు. పీట మీద కూర్చుని, నూనె ఇలా రాయి, ముక్కు అలా నొక్కు అని చెప్పేది, నీళ్లు పోసేది మాత్రం రోజుకు మూడు వందలు తీసుకునే ఆవిడ. నెలరోజులు పెట్టుకుని మానేశాం. నా కుట్లు పచ్చిగానే ఉన్నాయి, నేనే నేర్చుకున్నాను. "ఉద్యోగం లేకపోవడం ఒకందుకు మంచిదేలే, ఖాళీగానే ఉన్నావుగా" అన్న వాళ్లకు అప్పుడు జవాబు చెప్పే ఓపిక లేదు, ఇప్పుడు ఈ ఉత్తరమే జవాబనుకోండి.

ఇప్పుడు మళ్లీ ఉద్యోగం వెతుకుతున్నాను. యాభై మంది పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని చట్టం, కానీ ఆ ఉద్యోగం దొరకాలంటే ముందు ఇంటర్వ్యూకి వెళ్లాలి, ఆ పూట పాపని ఎవరికివ్వాలి? పోయిన వారం గచ్చిబౌలిలో ఒక ఇంటర్వ్యూలో ఏడాది గ్యాప్ ఎందుకని అడిగారు. చెప్పాను. మళ్లీ ఫోన్ రాలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. గర్భిణిని ఉద్యోగం నుంచి పంపితే, ఆమె గ్రూప్ ఇన్సూరెన్స్ కనీసం కాన్పు అయ్యేదాకా కొనసాగాలి, ఆ మాట మీ సంపాదకీయంలో ఒకసారి రాయండి. ఆదివారం డాక్టరు గారి సలహాల పక్కన ఒక్క వారం లేబర్ చట్టం తెలిసిన లాయరు చేత కూడా రాయించండి. రాజీనామా కాగితం ముందర పెట్టుకుని, కళ్లు తిరుగుతూ కూర్చున్న అమ్మాయి ఈ వారం కూడా ఈ ఊళ్లో ఏదో ఒక ఆఫీసులో ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు (పేరు వేయొద్దని మనవి),
నిజాంపేట, హైదరాబాద్